మావయ్య వెనక బెల్లు

పుదుచ్చేరిలో కొండ లేదు. ఆ మాటకొస్తే గట్టిగా ఊపిరి తీసుకుని ఎక్కాల్సిన దిబ్బ కూడా లేదు. అలాంటి ఊళ్లో భరణి ఏరికోరి కొనుక్కున్నది మౌంటెన్ బైక్, అదీ ఎలక్ట్రిక్‌ది. లావు టైర్లు, ముందు చక్రానికి కుదుపు తట్టుకునే స్ప్రింగులు, పెడల్స్ మధ్య అరచేయంత మోటారు. వాళ్లుండే ముదలియార్‌పేటలో అందరూ దాన్ని బ్యాటరీ సైకిల్ అన్నారు. మామగారు ఆదికేశవులు మాత్రం 'ఆ బండి' అన్నాడు. తొక్కితేనే మోటారు సాయం చేస్తుందనీ, తొక్కడం మానేస్తే అదీ మానేస్తుందనీ భరణి ఎన్నిసార్లు చెప్పినా, ఆయన లెక్కలో మోటారున్నది బండే.

సరదాకి కొన్నది కాదు. ఆమె ఊరికి దక్షిణంగా దూరాన ఉన్న కిరుమాంబాక్కంలో రక్త పరీక్షల లాబ్‌లో పనిచేస్తుంది. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు తెల్లారేసరికే గుమ్మం ముందు కూర్చుని ఉంటారు. తలుపు తీయాల్సింది భరణే. ఆ వేళప్పుడు బస్సును నమ్ముకుంటే వచ్చినవాళ్లు ఆకలికి ఓర్చుకోలేక ఎదురుగా ఉన్న ఇడ్లీ కొట్టుకు పోతారు. లాబ్ ఓనరు ముకుందన్ ఈ సంగతి ఇప్పటికే రెండుసార్లు మెత్తగా చెప్పాడు, మూడోసారి అంత మెత్తగా చెప్పడు. స్కూటరుందిగానీ, కిందటేడు కడలూరు రోడ్డు మీద ఒక లారీ దాని హ్యాండిల్‌ని రాసుకుంటూ పోయింది. భరణికి గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచీ ఆ రోడ్డు మీద లారీ హారన్ వినిపిస్తే చాలు, చేతులు బిగుసుకుపోతాయి. ఇక మిగిలింది కాలువ కట్ట.

కట్ట ముదలియార్‌పేట వెనక మొదలై, పొలాల మధ్యగా దక్షిణానికి పోతుంది. మట్టి, గులకరాళ్లు, వానొస్తే బురద. మామూలు సైకిల్ మీద అంతదూరం తొక్కి లాబ్ తలుపు తీసే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ఈ లావు టైర్లు, ఈ మోటారు. కట్ట మీద పోనిస్తే ఉద్యోగం ఉంటుంది, పోనివ్వకపోతే ఉండదు. భరణి విషయం అంతే.

పోనివ్వడం, పోనివ్వకపోవడం మామగారి చేతిలో ఉంది. ఆదికేశవులు బజారులో ఇత్తడి సామాన్ల కొట్టును కొడుకు సాయిగణేష్‌కి అప్పజెప్పాక, ఆయనకి అజమాయిషీ చేయడానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చింది. కట్ట దొరికింది. పొద్దున్నే నడిచేవాళ్లందరినీ పోగేసి సంఘం పెట్టాడు. మోటార్ సైకిళ్లు దూరకుండా రెండు చివర్లా రాళ్లు పాతించాడు. అరవంలో బోర్డు రాయించాడు: నడిచేవారికే మొదటి హక్కు, సైకిల్‌వారు వెనక నుంచి వస్తే తప్పనిసరిగా బెల్లు కొట్టాలి, బెల్లు వినగానే నడిచేవారు ఎడమ పక్కకు జరగాలి, మోటారు నిషేధం. నాలుగు తరాలుగా ఆ ఊళ్లో ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది. ఆయనకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అరవం బోర్డు మాత్రం ఒక్క పొల్లు పోకుండా అప్పజెబుతాడు.

కోడలు బ్యాటరీ సైకిల్ కొనగానే ఆ సంగతిని సంఘం ముందు పెట్టింది కూడా ఆయనే. సొంత మనిషని చూసీచూడనట్టు పోయాడని రేపు ఎవడూ అనకూడదు. తొక్కితేనే కదిలేవాటిని దీపావళి దాకా రానిద్దామని, ఈలోగా ఒక్క ఫిర్యాదు వచ్చినా అన్నీ బందేనని తీర్మానమైంది.

భరణి నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. మోటారు సాయాన్ని అన్నిటికన్నా తక్కువ మెట్టులో పెట్టుకునేది. దూరంనుంచే బెల్లు కొట్టేది, పక్కకు జరిగినవాళ్లకి అరవంలో 'నండ్రి' అని థాంక్స్ చెప్పేది, మేకలు అడ్డొస్తే దిగి నిలబడేది. పాలు తెచ్చే రాసాత్తి మొదట్లో ఆ టైర్లను చూసి మూతి తిప్పింది గానీ, ఆ తర్వాత తనే చెయ్యూపడం మొదలుపెట్టింది. అంతా బాగానే ఉంది, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోట మామగారు నడుస్తుంటాడు.

ఆయన నడిచేది కట్టకు నట్టనడుమ. చేతులు వెనక్కి కట్టుకుని, పక్కన నటరాజన్‌ని పెట్టుకుని, మునిసిపాలిటీ వాళ్లకి బుద్ధి చెబుతూ నడుస్తాడు. నటరాజన్ వీధి చివర ఇంటాయన, రిటైరైన లెక్కల మాస్టారు. మొదటిరోజు వాళ్లిద్దరి వీపులు కనబడగానే భరణి బొటనవేలు బెల్లు మీదికి పోయింది. పోయి, అక్కడే ఆగిపోయింది.

భరణిది యానాం. చిన్నప్పుడు సైకిల్ నేర్చుకున్న వారంలోనే ఆమె ఇంకో సంగతి కూడా నేర్చుకుంది: పెద్దవాళ్లు ఎదురైతే సైకిల్ దిగాలి. అలాంటిది మామగారి వెనకగా వెళ్లి బెల్లు కొట్టడమంటే, తప్పుకోమని చెప్పడం. ఈ ఇంట్లో ఆయనకి ఆ మాట చెప్పినవాళ్లు ఎవరూ లేరు. అత్తగారు అలివేలు ఆయన్ని వెనకనుంచి పిలవనే పిలవదు. కాఫీ తెచ్చినప్పుడు గ్లాసును కాస్త చప్పుడయ్యేలా పెడుతుంది, అంతే. సాయంత్రం దీపం పెట్టే ముందు వసారా ఊడిస్తే, ఆయన కాళ్ల కింద జాగా వదిలేసి చుట్టూ ఊడుస్తుంది. ఆయన లేచి లోపలికి పోయాక మళ్లీ చీపురు తీసుకుని వస్తుంది. కొత్తలో భరణికి ఇది నవ్వొచ్చేది. తర్వాత తను కూడా అలాగే ఊడవడం మొదలుపెట్టింది.

అందుకని బెల్లు కొట్టలేదు. అంత బరువు సైకిల్‌ని నడక వేగానికి దించి, పడిపోకుండా హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పుకుంటూ, వెనకే పోయింది. పంపు షెడ్డు దగ్గర ఆయన వెనక్కి తిరుగుతాడు. అప్పుడు ఎదురుపడి తల ఊపుతాడు, ఈమె దిగి పక్కకు జరిగి, ఆయన దాటాక ఎక్కి పోతుంది. రోజూ ఇదే తంతు. ముందుగా బయల్దేరదామని చూస్తే, ఎండలు ముదిరాయని ఆయనా ముందుగానే బయల్దేరాడు. మొగుడితో చెబితే, నాన్న కట్టకి అడ్డంగా పడుకున్నా నేనైతే బెల్లు కొట్టను, నీ ఇష్టం అని సాయిగణేష్ నవ్వేశాడు.

ఒక వాన వెలిసిన పొద్దున భరణికి ఆలస్యమైంది. లాబ్ ముందు జనం పోగయ్యారని ముకుందన్ ఫోను మీద ఫోను. ముందు ఇద్దరూ ఎప్పట్లా నడుస్తున్నారు. ఆమె కంగారులో ఎప్పటికన్నా దగ్గరగా వెళ్లింది. ఆ మోటారుకి చప్పుడన్నది లేదు. నటరాజన్‌కి మాటల మధ్యలో ఎందుకో వెనక ఏదో ఉన్నట్టనిపించి తిరిగి చూస్తే, మడమ పక్కనే ఇంత లావు టైరు. ఉలిక్కిపడి పక్కకు గెంతాడు. గెంతినచోట బురద. ఆయన కూలబడి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కట్ట వాలు మీదుగా గడ్డిలోకి జారిపోయాడు.

ఆదికేశవులు వెనక్కి తిరిగి కోడల్ని చూశాడు.

"బెల్లు యాడమ్మా?" అన్నాడు.

భరణి సైకిల్ అక్కడే పడేసి వాలు దిగింది. నటరాజన్ చీలమండ మెలిపడిందిగానీ ఎముక విరగలేదు. మామాకోడళ్లిద్దరూ చెరోవైపు పట్టుకుని ఆయన్ని రోడ్డు దాకా తీసుకొచ్చి ఆటో ఎక్కించారు. ఆ రోజు లాబ్‌లో చాలామంది ఆకలికి ఆగలేక ఇడ్లీలు తినేశారు.

నటరాజన్ ఫిర్యాదు చేయలేదు. చూసినవాళ్లు చేశారు. ఆదివారం పొద్దున కట్ట మీద సిమెంటు బెంచీల దగ్గర సంఘం కూర్చుంది. నటరాజన్ కాలికి కట్టుతో, చేతికర్రతో వచ్చాడు. భరణి సైకిల్ పట్టుకుని పక్కన నిలబడింది. ఇంట్లో పొద్దున మామగారికి కాఫీ ఇచ్చింది ఆమే, ఇక్కడ ముద్దాయీ ఆమే. ఆయన రెండింటినీ కలపలేదు. బెల్లు కొట్టావా లేదా అని అందరి ముందూ అడిగాడు. లేదంది. ఎందుకు కొట్టలేదంటే, తప్పు నాదేనంది. బెల్లు పనిచేయడం లేదా అంటే, పనిచేస్తోందంది. రేపటినుంచి లాబ్ తలుపు ఎవరు తీస్తారోనని లోలోపల అనుకుంది.

తీర్మానం ఏమిటో అందరికీ గుర్తేనని ఆదికేశవులు మొదలుపెట్టేసరికి నటరాజన్ కర్రతో నేల మీద తట్టాడు. తను ఒక్కడే నడిచిన రోజుల్లో ఈ పిల్ల తప్పకుండా బెల్లు కొడుతుందని, ఆదికేశవులు పక్కనుంటే మాత్రం ఎప్పుడూ కొట్టదని అరవంలో చెప్పాడు. లెక్కల మాస్టారు కదా, ఆ తేడా ఆయన ఎప్పుడో పట్టుకున్నాడు. ఆదికేశవులుకి వెంటనే అర్థం కాలేదు.

"నిజమేనా?" అని కోడల్ని అడిగాడు.

"మీ వెనక ఎలా కొట్టనండీ, మావయ్యగారూ?" అంది భరణి.

ఎవరో నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. ఆదికేశవులు ముఖంలోకి ఒక చిన్న సంతోషం వచ్చింది. భరణి చూసింది, తక్కినవాళ్లూ చూశారు. చూశారని తెలిసి ఆయన ముఖం ముడుచుకున్నాడు. రూలంటే అందరికీ ఒకటేనని, రేపు పొద్దున తన వెనకాలే వచ్చి బెల్లు కొట్టి చూపించాలని, కొడితే దీపావళి దాకా పోవచ్చని, కొట్టలేకపోతే ఆ బండిని అమ్ముకోవచ్చని తేల్చేశాడు.

ఆ మర్నాడు భరణికి కాఫీ కూడా దిగలేదు. కొడితే ఇంట్లో మొహం ఎలా చూపించాలో తెలియదు, కొట్టకపోతే ఉద్యోగం లేదు. కడలూరు రోడ్డే నయమేమోనని కూడా అనిపించింది. గేటు దగ్గర సైకిల్ తిప్పుకుంటుంటే అలివేలు ముగ్గు గిన్నె పట్టుకుని వచ్చింది. ఆయన అప్పటికే వెళ్లిపోయాడు. అయినా ఆమె వీధి అటూ ఇటూ చూసుకుని మాట్లాడింది.

"కొట్టు భరణీ, భయపడొద్దు. ఇన్నేండ్లుగా నేను కొట్టాలనుకుంటానే ఉండా. నా పేరు చెప్పి ఇంకోటి కొట్టు."

అని వంగి ముగ్గు వేసుకోవడం మొదలుపెట్టింది.

కట్ట మీద మామూలుకన్నా ఎక్కువమంది ఉన్నారు. ఎవరూ పని కట్టుకుని వచ్చినట్టు కనబడలేదు, అందరూ పని కట్టుకునే వచ్చారు. రాసాత్తి పాలక్యాను దించి నిలబడింది. నటరాజన్ బెంచీ మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆదికేశవులు ముందు నడుస్తున్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని, నట్టనడుమ.

భరణి దూరంనుంచే వేగం తగ్గించింది. బోర్డు మీద ఉన్నట్టే, ముందుగానే, బెల్లు కొట్టింది. అది చిన్న ఇత్తడి బెల్లు, చప్పుడు స్పష్టంగానే వచ్చింది. అందరూ విన్నారు. ఆదికేశవులు నడుస్తూనే ఉన్నాడు.

మొండితనం కాదది. ఆయన చెవికి ఆ బెల్లు వినిపించింది కూడా. కానీ ఇన్నేళ్లుగా ఆ కట్ట మీద ఎవరు బెల్లు కొట్టినా, వెనకనుంచి చూసి ఆయనని పోల్చుకుని, తామే గడ్డిలోకి దిగి చుట్టూ తిరిగిపోయేవారు. బెల్లంటే తాను జరగాల్సిన సంగతని ఆయనకి తట్టనే లేదు. బోర్డులో మూడో నియమం రాయించిన మనిషి దాన్ని ఒక్కసారి కూడా పాటించలేదని ఆ పొద్దున కట్ట మీదున్నవాళ్లందరికీ ఒకేసారి కనబడింది.

భరణికీ కనబడింది. దిగి నడిపించుకుపోదామని కాలు నేల మీదికి పోబోయింది కూడా. ఇది అత్తయ్యది, అనుకుంది. రెండోసారి కొట్టింది.

ఆదికేశవులు ఆగాడు. వెనక్కి తిరగలేదు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, కట్ట వెడల్పెంతో అప్పుడే చూస్తున్నట్టు. బెంచీ మీద నటరాజన్ కర్ర ఎత్తి ఎడమ పక్కకి చూపించాడు. ఆదికేశవులు వెనక కట్టుకున్న చేతులు విడదీసుకుని ఎడమ పక్కకు జరిగాడు. చెప్పులు గడ్డి మీది తేమకి తడిశాయి.

భరణి ఆయన్ని దాటింది. దాటేటప్పుడు 'నండ్రి' అనాలి, రోజూ అందరికీ అనేదే, కానీ పంపు షెడ్డు దాటాక గానీ అది గుర్తు రాలేదు. ఆమెకి గెలిచినట్టేమీ అనిపించలేదు, భయమే అనిపించింది. లాబ్ తలుపు మాత్రం వేళకి తీసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన వసారాలో పడక కుర్చీలో ఉన్నాడు. భరణి సైకిల్‌ని గోడకి ఆనించి, తల వంచుకుని లోపలికి పోబోయింది. ఆయన పిలిచాడు. లేచొచ్చి, ఆ బెల్లుని తనే బొటనవేలితో ఒకసారి కొట్టి, తల అడ్డంగా ఊపాడు.

"సౌండు చాలదమ్మా. మొదటిసారి చెవికి ఆనలా. పెద్దది పెట్టించుకో."

అలాగే మావయ్యగారూ అంది భరణి. ఆయన మళ్లీ వెళ్లి కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. అలివేలు చీపురు పట్టుకుని వచ్చి ఆ చివరనుంచి ఊడ్చుకుంటూ కుర్చీ దాకా వచ్చింది. ఎప్పట్లా చుట్టూ తిరిగిపోలేదు. వెనకే నిలబడింది.

"కాళ్లు కొంచెం ఓరంగా పెట్టుకోండి," అంది, "ఊడవాల."

గుమ్మంలో ఉన్న భరణి కదలకుండా నిలబడిపోయింది. ఆదికేశవులు తలెత్తి భార్యని చూశాడు, తర్వాత కోడల్ని చూశాడు. కాళ్లు రెండూ ఎడమ పక్కకి జరిపాడు. అలివేలు ఆ కాస్త జాగా ఊడ్చి, దీపం పెట్టడానికి లోపలికి పోయింది.