పోవాలని లేదు

సంజీవరావు బోర్డు మీద ‘పోవాలి’ అని రాసి, దాని కింద ‘పోవాలని ఉంది’ అని రాశాడు. విడవలూరులోని ఆ చిన్న ప్రైవేటు బడిలో అతను తెలుగు మాస్టారు. కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకున్న చొక్కా, గోళ్ల సందుల్లో ఎంత కడిగినా వదలని సుద్దపొడి.

“పైది తప్పనిసరి. కిందిది కోరిక. సుభాషిణీ, నీ కోరికొకటి చెప్పమ్మా.”

చేపలు పట్టేవాళ్ల పిల్ల లేచి నిలబడింది. “మా నాయినతో పడవలో పోవాలి సార్.”

“పోక తప్పదా, పోవాలని ఆశా?”

“ఆశే సార్. పోవాలని ఉంది. ఆడపిల్లనని ఎక్కించుకోడు.”

పిల్లలంతా నవ్వారు. సంజీవరావు నవ్వలేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి నడిచాడు. భార్య ఎలిశబెతును నెల్లూరుకు డయాలసిస్‌కు తీసుకుపోవాలి. గుండె కూడా నీరసించింది, ఇక ఒక్కసారి మానినా కష్టమేనని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి, ఒంట్లో నీరు చేరకుండా, ఆమె తాగే నీళ్లు కూడా అతనే చిన్న గ్లాసుతో కొలిచి ఇస్తున్నాడు. లేవాలి, మింగాలి, ఓర్చుకోవాలి. ఇంట్లో అతని మాటలన్నీ ఇవే. ఆమె ఏనాడూ ఎదురు చెప్పలేదు.

మంచం మీద ఉబ్బిన కాళ్లు చాపుకుని ఉంది. చీర మార్చుకోలేదు.

“ఆటో వచ్చింది. లే, పోవాలి.”

“పోవాలని లేదయ్యా.”

“మానుకుంటే ఏమవుతుందో డాక్టరు చెప్పినాడు గదా!”

“నేనూ విన్నా గదా. తెలిసే చెప్తా ఉండా. ఆ సూదులు ఇంక నా వల్ల కాదు.”

బయట ఆటో హారన్ మోగింది. అతను వెళ్లి దాన్ని పంపించేశాడు. తిరిగొచ్చి మంచం పట్టె మీద కూర్చుని, ఇంత కాపురంలో ఎన్నడూ అడగనిది అడిగాడు.

“నీకేం చేయాలని ఉంది, ఎలిశబెతూ?”

“కడుపునిండా నీళ్లు తాగాలనుంది.”

కుండలో చెంబు ముంచి తెచ్చాడు. తల ఎత్తి పట్టుకుని తాగించాడు. ఆమె ఆబగా తాగింది. నీళ్లు మెడ మీదుగా కారి రవిక తడిసింది.

“చల్లగా ఉండాయయ్యా,” అంది కళ్లు మూసుకుని.

పొద్దువాలేసరికి ఆయాసం ఎక్కువైంది. “ఇప్పుడైనా పోదామా?” అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చేయి పట్టుకుని ప్రార్థన చేశాడు. చివర ఆమేన్ అతనొక్కడే అన్నాడు. ఆమె ఆయాసం ఆగిపోయింది.

పక్కింటివాళ్లను పిలవాలి. లేవలేకపోయాడు.

మంచం కోడు పక్కన చెంబు ఉంది. అడుగున ఇంకా గుక్కెడు నీళ్లున్నాయి.