పక్క నక్షత్రం సాక్ష్యం

ఆమె కొన్నేళ్లుగా పరిశోధన కోసం ఒకే నక్షత్రం వెంట పడుతోంది. అది తన చుట్టూ తాను ఎంత వేగంగా తిరుగుతుందంటే, నడుము దగ్గర ఉబ్బి, పైనా కిందా నొక్కుకుపోయింది. పైగా గుండెలా కొట్టుకుంటూ ఉంటుంది. ఆ స్పందనలతో దాని వెలుగు సన్నగా పెరిగి తగ్గుతుంది. ఒకటా రెండా, డజన్ల కొద్దీ స్పందనలు కలగాపులగంగా కలిసిపోతుంటే, ఇంత వేగంగా తిరిగే వాటి చిక్కు విప్పలేమని చాలామంది చేతులెత్తేశారు. ఆమెకు మాత్రం ఆ స్పందనల వేగాల మధ్య సమానమైన ఎడాలు కనిపించాయి. ఆ ఎడాన్ని బట్టి నక్షత్రం ఎంత సాంద్రంగా ఉందో చెప్పవచ్చు.

దాని మీద రాసిన వ్యాసం పత్రికకు పంపబోయే రోజు, భోజనాల బల్ల దగ్గర, ఆమె గైడు మామూలుగా అడిగారు. అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు.

"ఆ ఎడం నక్షత్రానిదేనంటావా అమ్మా? టెలిస్కోపు భూమి చుట్టూ తిరుగుతోంది కదా, దాని లయ వెలుగులో కలిసిందేమో. పక్క నక్షత్రాన్ని చూడు. టెలిస్కోపుదైతే అక్కడా ఉంటుంది."

ఆమె భోజనం వదిలేసి లేచింది. వెళ్లి చూసింది. ఉంది. చిన్నగానే, కానీ అవే ఎడాలు.

వరండాలోకొచ్చి అక్కకు ఫోన్ చేసింది.

"అంతా నీళ్లపాలైందక్కా."

"ఎవరికైనా ఏమైనా అయిందా?"

"లేదు. నా నక్షత్రం..."

"హమ్మయ్య. ఫలితాలు రాకముందే తప్పానని ఏడవడం నీకు చిన్నప్పట్నుంచీ ఉన్నదే. ఇంకా చూడాల్సినవేమీ లేవా?"

లోపలికొచ్చేసరికి మాస్టారు ఆమె తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఈ రెండూ భుజాలు రాసుకుంటున్నాయి చూడు. నీదాని వెలుగే దీనిమీదికి ఒలికిందేమో. దూరంగా ఉన్నవి కూడా చూడు, టెలిస్కోపుదైతే వాటిలోనూ ఉండాలి."

అదే చిత్రంలో దూరంగా ఉన్న నక్షత్రం వెలుగు చూసింది. ఏమీ లేదు. ఇంకోదాన్ని చూసింది. చదునుగా ఉంది. మిగతావీ అంతే. చివరికి పక్కదాని వెలుగులోంచి తన నక్షత్రం వాటా తీసేసి చూసింది. ఆ ఎడాలు మాయమయ్యాయి. అంటే అవి తన నక్షత్రానివే.

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతుంటే మాస్టారు కంగారుపడ్డారు. చేతులు తీసేసరికి నవ్వుతోంది.

"నిజం చెప్పొద్దూ, నాకూ గుండె జారింది. నీ ముందు బయటపడితే బాగుండదని బిగపట్టుకున్నా," అన్నారాయన.

ఈ పరీక్షను కూడా వ్యాసంలో చేర్చి, ఎండ ఉండగానే పంపేసింది. ఇంటికి వెళ్లే బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోవాలనిపించక, కిటికీ కమ్మీ పట్టుకుని, మొహానికి గాలి కొట్టించుకుంటూ నిలబడింది.