రేపటి గాలి వచ్చే కిటికీ

పొద్దున్నే ఆరింటికి లేవడం, ముందురోజు మిగిలిన నల్లరొట్టె నానబెట్టి జావ కాచుకోవడం, అది తింటూ రేడియోలో వాతావరణ వార్తలు వినడం డాగ్నీకి ఏళ్ళ తరబడి అలవాటు. డెన్మార్కులోని బోర్న్‌హోమ్ దీవి అంచున ఉన్న స్నోగెబెక్ రేవులో ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకి వండిపెట్టి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. జావ అయ్యాక గిన్నె కడిగి, వంటింటి కిటికీ అద్దాలు పొడిగుడ్డతో తుడిచేది. తుడవడమే తప్ప తెరిచేది కాదు. రెక్కలూ చట్రమూ కలిసిపోయేలా తనే మూడు పూతలు తెల్లరంగు పులిమి పదకొండేళ్ళయింది.

ఆ కిటికీలోంచి రేపటి గాలి వచ్చేది. ఇవాళ తొమ్మిదింటికి తెరిస్తే, రేపు తొమ్మిదింటికి సముద్రం మీద వీచబోయే గాలి లోపలికొచ్చేది. వాళ్ళమ్మ కాలం నుంచీ అంతే. రేపు తుఫానైతే ఇవాళే వంటింట్లో కప్పులు పగిలేవి, అందుకని ఆ ఇంట్లో అన్నీ ఇనపకప్పులే. పడవలవాళ్ళు వేటకి వెళ్ళే ముందురోజు వచ్చి, బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగి, కిటికీ తెర కదలిక చూసి పోయేవాళ్ళు. రేవులో ఎవరికీ అది వింత కాదు. పోస్టాఫీసు ఎక్కడుందో తెలిసినట్టే అదీ తెలుసు.

పక్కింటి ఎల్నా మొగుడు ఐగిల్ కూడా అలాగే వచ్చాడు. తెర కదల్లేదు. మర్నాడు పడవ తీశాడు. సముద్రం అద్దంలాగే ఉంది, కానీ ఒడ్డుకి ఐదు మైళ్ళ దూరంలో ఇంజనుకి నిప్పంటుకుంది. సమాధి దగ్గర ఊరంతా చూస్తుండగా ఎల్నా, "నీ కిటికీ వెళ్ళమంది, వెళ్ళాడు" అంది. డాగ్నీ తిన్నగా ఇంటికొచ్చేసింది. సాయంత్రం రంగుడబ్బా తెచ్చుకుంది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కొట్లో ఒకరుంటే రెండోవాళ్ళు బయట నిలబడేవాళ్ళు, వానలో అయినా సరే.

ఆ అక్టోబరులో ఒక బుధవారం, జావ గిన్నె ఇంకా కడక్కముందే తలుపు చప్పుడైంది. టోర్బెన్ వచ్చాడు, వెంట ఒక పొడుగాటి జర్మన్ ఆవిడ. టోర్బెన్ ఆ రేవులో పుట్టినవాడే, చిన్నప్పుడు బళ్ళో డాగ్నీ వండినవి వంకలు పెడుతూ తిన్నవాడే. ఇప్పుడు సముద్రం మీద లేచిన గాలిమరల పనిలో డెన్మార్కు తరఫు అధికారి.

"పిన్నీ, ఈవిడ వీబ్కె గారు. జర్మనీ తరఫున నా జోడీ."

"కూర్చోండి. కాఫీ పెడతాను."

వాళ్ళు కూర్చోలేదు. టోర్బెన్ టోపీ చేతుల్లో తిప్పుతూ సంగతి చెప్పాడు. ఆ గాలిమరల కరెంటుని రెండు దేశాలూ పంచుకోవాలని ఒప్పందం. వాళ్ళకి చాలనప్పుడు ఇటునుంచి, మనకి చాలనప్పుడు అటునుంచి. దీవి నుంచి ఒక కేబులు, జర్మనీ తీరం నుంచి ఒక కేబులు సముద్రం అడుగున పరుచుకుంటూ వచ్చాయి. మనిషి తొడంత లావు కొసలు రెండూ నడిసముద్రంలో బల్లపరుపు పడవలాంటి ఒక పెద్ద పంటు మీద కలుసుకున్నాయి. వాటిని అతకడానికి ఐదు రోజులు పడుతుంది. రాగిని రాగితో కలిపి, పైన పొర మీద పొర చుట్టాలి. దుమ్ము పడకూడదు, చెమ్మ తగలకూడదు. అందుకే పంటు మీద ఇనపదూలాలతో గుడారం కట్టి, దాని లోపల పని చేస్తున్నారు. ఇవాళ మూడో రోజు.

"రేపు పగటిపూట పడమటినుంచి పెద్దగాలి అంటోంది మా వాతావరణ కార్యాలయం" అన్నాడు టోర్బెన్.

"మావాళ్ళు చిరుగాలి అంటున్నారు" అంది వీబ్కె.

"ఇద్దరి మాటా కలవకపోతే ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా కేబులు కోసెయ్యాలి. కొసలకి మూతలు బిగించి నీళ్ళలోకి వదిలేసి, పంటుని లాక్కొచ్చెయ్యాలి. మళ్ళీ వచ్చే వేసవిదాకా ఎవరూ ముట్టుకోలేరు."

"కొయ్యకపోతే?"

"కేబులు పట్టి ఉన్నంతసేపూ పంటు కదల్లేదు పిన్నీ. పెద్దగాలి నిజంగా వస్తే, దానిమీద పదకొండుమంది ఉన్నారు."

డాగ్నీ కిటికీ వైపు చూడలేదు. "నా కిటికీ పాడైపోయింది నాయనా" అంది.

"పాడవలేదు. రంగేశావంతే."

"రెండూ ఒకటే."

వీబ్కె చేతిగడియారం చూసుకుంది. అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. ఎల్నా లోపలికొచ్చింది. పదకొండేళ్ళ తరవాత ఆ గడప దాటిన మనిషి కాళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. చేతిలో చేపలు కోసే సన్నకత్తి. వీబ్కె ఒక అడుగు వెనక్కి వేసింది.

"తెరు" అంది ఎల్నా. "నా పిల్ల అక్కడుంది."

పంటు మీద ఆ అతుకు పెడుతున్న బృందానికి నాయకురాలు ఎల్నా కూతురు లెర్కె. ఏడేళ్ళు పని నేర్చుకుని, మొదటిసారి తన చేతికిందికి వచ్చిన అతుకు అది.

"మళ్ళీ నన్ను అనడానికా?" అంది డాగ్నీ.

"అనాల్సొస్తే అంటాను. ముందు తెరు."

డాగ్నీ కత్తి కోసం చెయ్యి చాపింది. ఎల్నా కత్తి ఇవ్వలేదు. తనే వెళ్ళి, చేప పొట్ట చీల్చినట్టు, రెక్కకీ చట్రానికీ మధ్య కొస దించి పైనుంచి కిందికి లాగింది. ఎండిన రంగు పెచ్చులు గచ్చు మీద రాలాయి. నాలుగువైపులా కోశాక ఇద్దరూ చెరోవైపు నిలబడి అరచేతులు ఆనించి తోశారు. మూడోసారికి కిటికీ ఊడివచ్చినంత చప్పుడుతో తెరుచుకుంది.

బయట ఆ రోజు గాలి గట్టిగానే ఉంది, ఎదురింటి జెండా టపటపా కొట్టుకుంటోంది. లోపలికి మాత్రం ఏమీ రాలేదు. డాగ్నీ కొవ్వొత్తి వెలిగించి కిటికీ గూట్లో పెట్టింది. వత్తి నిటారుగా వెలిగింది.

"రేపు ఎనిమిదిన్నర. ఏమీ లేదు" అని టోర్బెన్ పుస్తకంలో రాసుకున్నాడు.

"చూశారా" అంది వీబ్కె.

"ఇంకా రోజంతా ఉంది లెండి."

"గడియారం మాత్రం నాదే చూడండి. మీది రెండు నిమిషాలు వెనక ఉంది."

అలా నలుగురూ ఆ బల్ల దగ్గరే కూర్చుండిపోయారు. ఎవరికీ లేవాలనిపించలేదు. వీబ్కె గాలి కొలిచే చిన్న యంత్రం గూట్లో పెట్టింది. డాగ్నీ హెర్రింగ్ చేపలు పిండిలో పొర్లించి వేయించి, ఆవముద్దతో, నల్లరొట్టెతో పెట్టింది. వీబ్కె మూడు తింది. "మా ఊళ్ళో ఒకాయన మోకాలు నొప్పి చూసి గాలి చెప్పేవాడు. ఇంత బాగా వండేవాడు కాదు" అంది. ఎల్నా ఏమీ తినలేదు, కొవ్వొత్తి మీంచి చూపు తిప్పలేదు. పన్నెండైంది, ఒంటిగంటైంది, రెండైంది. వత్తి ఒకటి రెండుసార్లు తల ఊపింది, అంతే. వీబ్కె మొహం వెలిగిపోతోంది. టోర్బెన్ పైకి ఓడినట్టు కూర్చున్నాడు గానీ లోపల గుండె కుదుటపడుతోంది.

మూడూ పదికి కొవ్వొత్తి ఆరిపోయింది.

ఆరిపోవడమే కాదు, గోడకి వేలాడే గరిటెలన్నీ ఒక్కసారి గలగలలాడి కింద పడ్డాయి. బల్లమీద గుడ్డ లేచి టోర్బెన్ మొహానికి చుట్టుకుంది. ఉప్పువాసన గుప్పుమంది. బయట చూస్తే ఎదురింటి జెండా కొయ్యకి అతుక్కుని వేలాడుతోంది, ఆకు కదలడం లేదు. లోపల ఇనపకప్పులు గదంతా దొర్లుతున్నాయి. ఎల్నా బల్ల అంచు రెండుచేతులా పట్టుకుంది.

"కొయ్యమనండి!" అని అరిచింది. "కోసేసి పిల్లని తీసుకొచ్చెయ్యండి!"

టోర్బెన్ ఫోను తీశాడు.

"ఆగు" అంది డాగ్నీ. గాలికి ఎదురుగా కిటికీ ముందు నిలబడి, జుట్టు ముడి ఊడిపోతున్నా పట్టించుకోకుండా కళ్ళు మూసుకుంది. "ఇది ఎక్కువసేపు నిలిచే గాలి కాదు. దీని వెనక బరువు లేదు. ఆగి చూద్దాం, ఆరింటిదాకా టైముందిగా."

"నీకెలా తెలుసు?" అంది ఎల్నా.

"యాభై ఏళ్ళు మొహాన కొట్టించుకున్నాను, తెలియదా?"

ఎల్నా బల్ల అంచు వదల్లేదు. వీబ్కె యంత్రం పట్టుకుని అంకెలు చదువుతోంది. నాలుగుకి పది నిమిషాలుందనగా గాలి ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగా పోయింది. ఆరయ్యేదాకా చూశారు. చిరుగాలి. కొవ్వొత్తి మళ్ళీ వెలిగించుకోవచ్చు.

"నలభై నిమిషాలు" అన్నాడు టోర్బెన్. "నలభై నిమిషాలకి పంటు తట్టుకుంటుంది. అతుకుని ముందే కప్పేసి, మనుషుల్ని పంటు లోపలి గదిలోకి పంపేస్తే చాలు."

"అంటే మీ కార్యాలయమూ తప్పే, మా కార్యాలయమూ తప్పే" అంది వీబ్కె.

"సగం సగం. పంచుకున్నాం."

ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. కేబులు కొయ్యలేదు.

మర్నాడు రెండున్నరకి ఎల్నా డాగ్నీ వంటింట్లోంచే కూతురికి ఫోను చేసింది.

"అమ్మా, ఈ పొర చుట్టడం ఇంకో ముప్పావుగంటలో అయిపోతుంది. అయ్యాక లేస్తాను" అంది లెర్కె.

"ఇప్పుడే లే."

"ఇది నా పని. నీకు తెలియదు."

"పావుతక్కువ మూడుకి నువ్వు లేవకపోతే ఈదుకుంటూ వచ్చి చెవి పట్టుకుని లేపుతాను. ఎంతమంది ముందైనా సరే."

లెర్కె గొణుక్కుంటూ అతుకుని మెత్తటి దుప్పట్లతో, వాటిమీద రబ్బరుతో కప్పి, స్టూలు మీంచి లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. మూడూ పదికి గాలి వచ్చింది. చెప్పిన నిమిషానికి వచ్చింది, చెప్పిన నిమిషానికి పోయింది.

నాలుగింటికి ఫోను మోగింది. ఎల్నా తీసి చెవి దగ్గర పెట్టుకుంది. డాగ్నీ ఎదురుగా నిలబడి ఉంది.

"అతుకు బాగానే ఉంది" అంది లెర్కె. "అమ్మా, గుడారం దూలం ఒకటి ఊడి పడింది. నా స్టూలు మీద."

"స్టూలు?"

"రెండు ముక్కలైంది."

ఎల్నా "సరే. ఏదైనా తిను" అని ఫోను పెట్టేసింది. పెట్టేసి కుర్చీలో కూలబడింది. డాగ్నీ ఏమైందని అడిగితే, లెర్కె స్టూలు విరిగిందట అని మాత్రం చెప్పింది. డాగ్నీకి ఇంక చెప్పక్కర్లేకపోయింది. ఆవిడా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ గచ్చుమీది రంగు పెచ్చుల వంక చూస్తూ ఉండిపోయారు. ఊడ్చే ఓపిక ఎవరికీ లేదు.

శుక్రవారానికి అతుకు పూర్తయింది. శనివారం కేబులుని సముద్రం అడుక్కి దింపారు. నవంబరు చివర పరీక్షలన్నీ అయ్యి, ఒకరోజు పొద్దున గాలిమరల కరెంటు రెండు దేశాలకీ వెళ్ళడం మొదలైంది. రేవులో ఎవరికీ ఏ తేడా తెలియలేదు, దీపాలు ఎప్పట్లాగే వెలిగాయి. లెర్కె మాత్రం అమ్మకి ఫోను చేసి, "ఇప్పుడు మా అతుకులోంచి పోతోంది" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఎల్నాకి తెలియలేదు. అడగలేదు కూడా.

ఫోను పెట్టేసి, చెప్పులు వేసుకుని, ఎల్నా పక్కింటికి వెళ్ళింది. ఈసారి కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. డాగ్నీ పొయ్యి దగ్గరుంది.

"ఆ ముందురోజు ఐగిల్ ఇక్కడికి వచ్చాడుగా" అంది ఎల్నా, నిలబడే. "ఏమన్నాడు?"

డాగ్నీ పదకొండేళ్ళుగా ఆ ప్రశ్న కోసం ఎదురుచూసింది, పదకొండేళ్ళుగా దానికి భయపడింది.

"గాలి గురించి ఏమీ అనలేదు. తెర వైపు ఒకసారి చూశాడంతే. లెర్కె పై చదువు గురించి చెప్పాడు. రెండు కప్పులు కాఫీ తాగాడు."

"ఇంకా?"

"వద్దులే."

"చెప్పవే."

"మూడో కప్పు కూడా పొయ్యమన్నాడు. ఇంటికెళ్తే ఎల్నా ఇస్తుంది గానీ, పాపం దాన్ని కాఫీ అనడానికి మనసు రాదన్నాడు."

ఎల్నా భుజాలు కదలడం మొదలెట్టాయి. డాగ్నీ కంగారుపడి దగ్గరికెళ్ళేసరికి, ఆవిడ నవ్వుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఇరవై ఆరేళ్ళు తాగాడే! ఇరవై ఆరేళ్ళు! బాగుంది బాగుంది అంటూ తాగాడు దొంగవెధవ!"

"నీతో చెప్పొద్దన్నాడు కూడా."

"చెప్పావుగా మరి. పొయ్యి, నాక్కూడా పొయ్యి. అంత గొప్పగా ఏం పెడతావో నేనూ చూస్తాను."

డాగ్నీ ఇనపకప్పు నిండా పోసి ముందు పెట్టింది. ఎల్నా ముక్కు తుడుచుకుని, ఊది, ఒక గుక్క తాగింది. కాసేపు కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఇంకో గుక్క తాగింది.

"నిజమే" అంది.