కొంగు కింది గది

కొంగు కింది గదిలోకి ఇంకొకరిని రానిచ్చింది. సుజన చేసిన తప్పు అదే.

అంతకుముందు అంతా సజావుగానే ఉండేది. రేపల్లెలో వంటా, మంచం పట్టిన మావగారు సీమోనుకి స్నానం, టిఫినూ ముగించుకుని ఉద్యోగానికి తెనాలి రైలెక్కేది. కూర్చుని కొంగు నెత్తిమీదకి లాక్కోగానే గొళ్లెం పడిన చప్పుడయ్యేది. లోపల సున్నం వేసిన చిన్న గది, ఒక చాప. టీవీ ఆగని ఆ రెండు గదుల ఇంట్లో ఆమెకి తలుపేసుకునే చోటంటూ లేదు. ఇక్కడ ఉంది. ఇక్కడా పెద్దగా ఏమీ అడిగేది కాదు. "ప్రభువా, అలిసిపోయాను" అని ఊరుకునేది.

పెట్టెలో వాళ్లకి ఇది అలవాటే. టికెట్లు చూసే ఆయన వస్తే ఎదురు సీటు నాగజ్యోతి, "ఒదిన లోపలుందండి, పాసుంది" అనేది. ఆయన ముందుకెళ్లిపోయేవాడు.

సంగతి చర్చి స్త్రీల సమాజం పెద్ద సామ్రాజ్యమ్మ చెవిన పడింది.

"అంత మంచి గది ఒక్కదానివే వాడుకుంటావేంటమ్మా? నలుగురం కలిస్తే ప్రార్థనకి బలం కదా."

పెద్దావిడ. కాదనలేక సుజన కొంగు అంచు ఎత్తింది. ఇక ప్రతి సాయంత్రం ఇంటికొచ్చి సమాజమంతా లోపలికి దూరడం మొదలైంది. ఒకావిడ పాటలకి తాళాలు తెచ్చింది, ఇంకొకావిడ ఫ్యాను లేదేంటని అడిగింది. గొళ్లెం ఊడింది. బరువుకి సుజన మెడ పట్టేసింది.

అప్పుడే భర్త అజయ్ బాబు ఉద్యోగం మానెయ్యమన్నాడు. "నాన్నని చూసే మనిషి కావాలి. సమాజంలో ప్రార్థనకి చెప్పాను."

చెప్పాడు నిజంగానే. ఆ సాయంత్రం గదిలో అందరూ గొంతెత్తారు. "నీ దాసురాలు తన బాధ్యతను గుర్తెరుగునట్లు సహాయము చేయుము తండ్రీ." సుజనకి మోకరించే చోటు దొరకలేదు. గోడకానుకుని నిలబడింది.

"జవాబు వచ్చేసిందమ్మా, మానెయ్యి," సామ్రాజ్యమ్మ చాప మీంచి లేస్తూ అంది.

"నేనింకా అడగనే లేదండి."

"నీ బదులు మేం అడిగాంగా."

మర్నాడు సుజన రాజీనామా కాగితం పట్టుకునే రైలెక్కింది. కొంగు లాక్కుంది. గదినిండా ఎవరెవరివో చెప్పులు, నీళ్ల సీసాలు. అన్నీ ఊడ్చి కిటికీలోంచి బయటపడేసింది. మూలన దొరికిన గొళ్లేన్ని బిగించి, తలుపేసి, చాపమీద కూలబడింది.

"నాకీ ఉద్యోగం కావాలి ప్రభువా" అంది చివరికి.

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆ మాట గదిలో అలాగే నిలబడింది. అది తన గొంతేనని పోల్చుకోడానికి సుజనకి కాస్త టైము పట్టింది.

బయటనుంచి నాగజ్యోతి తట్టింది. "ఒదినా, తెనాలి."

కాగితాన్ని చాప కింద వదిలేసి బయటికొచ్చింది.

సాయంత్రం అజయ్ బాబుతో, "ఉద్యోగం మాననండి. పొద్దున మావయ్యగారి స్నానం మీరు చూడండి, సాయంత్రం నేను చూస్తాను" అంది.

"మరి సమాజం వాళ్లు..."

"వాళ్ల గదుల్లో వాళ్లని అడుక్కోమనండి."

మంచం మీంచి సీమోను దగ్గాడు. "వీడా నాకు స్నానం చేయించేది? ముందు నీళ్లు కాగాయో లేదో చెయ్యిపెట్టి చూడమను."

ఆ వారమే సామ్రాజ్యమ్మ వచ్చి కొంగు మీద తట్టింది. మళ్లీ తట్టింది. "పనుంటే నేను బయటికొచ్చాక మాట్లాడదామండి" అని లోపల్నించి వినబడింది.

కొన్నాళ్లకి సీమోను పోయాడు. సుజన ఇప్పటికీ అదే రైల్లో తెనాలి వెళ్తోంది. ఆ గొళ్లెం ఎవరికీ తియ్యలేదు.