బొట్టున్న ఫ్లాపీ

నేను ఒక ఫ్లాపీని. నల్లగా, పలచగా, చొక్కా జేబులో ఇమిడిపోయేంత ఉంటాను. నన్ను చేసిన ఫ్యాక్టరీలో మనిషి చెయ్యి తగలకుండా పెంచారు. ఆ లోటంతా తెనాలి వచ్చాక తీరింది.

నా యజమాని ఉమాపతి. బడిలో లెక్కలు చెప్పుకునేవాడు హాయిగా అక్కడే ఉండొచ్చుగా? మానేసి, కంప్యూటరు కొని, తెలుగు అక్షరాలు అచ్చువేసే ప్రోగ్రామ్ రాయడానికి కూర్చున్నాడు. ప్రెస్సు కోటిలింగం గారు మాటిచ్చారు: "దీపావళిలోగా వత్తులు కుదురుగా కూర్చున్న శుభలేఖ ఒక్కటి తీసి చూపించు. సీసం అక్షరాలు పక్కనపెట్టి నీ ప్రోగ్రామే పెట్టుకుంటా." ఉమాపతి ఉగాది నుంచీ చుక్క చుక్కా పేర్చి వత్తులు గీస్తున్నాడు. ఇంట్లో పప్పులోకి ఉప్పు అడిగినా వత్తుల సంగతే చెప్పేవాడు.

అచ్చుకొట్టే భాగం రాసేది బావమరిది సాంబు. వాడి కంప్యూటరు ఎదురింట్లో. ఇద్దరి మధ్యా తిరిగే వాళ్లం మేం ముగ్గురం ఫ్లాపీలం. ఏది తాజాదో తెలియక బావా బావమరుదులు రోజూ జుట్టుజుట్టు పట్టుకుంటుంటే, ఉమాపతి భార్య హైమ ఉపాయం చెప్పింది. తాజాదానికి కుంకుమ బొట్టు పెట్టాలి. పని మారగానే తడిగుడ్డతో తుడిచి ఇంకోదానికి పెట్టాలి. ఇంతింత చదువులు చదివినవాళ్లు మా నుదుళ్లు చూసి పని చేసుకున్నారు. బాగానే నడిచింది, దసరా దాకా.

వత్తులు పూర్తయిన రోజున ఉమాపతి వాటిని 'వత్తులు ఏడు' అన్న పేరుతో నాలోకి ఎక్కించి, నాకు బొట్టు పెట్టి, పిల్లాడిలా ఈల వేశాడు. మర్నాడు ఆయుధపూజ. హైమ తలంటుకుని వచ్చి కత్తిపీటకి, సైకిలుకి, కంప్యూటరుకి, మా ముగ్గురికీ బొట్లు పెట్టేసింది.

సాంబు వచ్చాడు. అన్నిటికంటే పెద్ద బొట్టున్నదాన్ని తీసుకెళ్లాడు. అది మాలో అందరికంటే పాతది. దాంట్లో తన పని కలిపి, తెచ్చి బావ కంప్యూటరులో ఎక్కించేశాడు. కొత్త వత్తుల మీద పాత వత్తులు కూర్చున్నాయి.

"అక్కా, అన్నిటికీ ఎందుకు పెట్టావే?"

"ఆయుధాలకి పెట్టకపోతే ఎట్టారా? రెండిటిని వెలేసి కూర్చోబెట్టమంటావా?"

ఉమాపతి ఆత్రంగా నన్ను కంప్యూటరులో దూర్చాడు. వత్తులన్నీ నా దగ్గరున్నాయి, పదిలంగా. కానీ నా రేకు మూత కింద కుంకుమ దూరింది. కర్రుమన్నాను. ఎన్నిసార్లు పెట్టినా అదే కర్రు.

"చచ్చింది," అన్నాడు ఉమాపతి. చావలేదయ్యా అని చెప్పడానికి నాకు నోరేది?

పాత రూపాల్ని పారెయ్యకుండా, ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందనీ, దాన్ని వెర్షన్ కంట్రోల్ అంటారనీ ఉమాపతి ఏదో పత్రికలో చదివాడు. అది వెతకడానికి సాంబు హైదరాబాదు బయల్దేరాడు, నన్ను జేబులో వేసుకుని.

"కొత్త ఫ్లాపీ కొనుక్కోరా."

"ఎందుకు బావా దండగ? ఫార్మాట్ కొడితే ఇదే కొత్తదవుద్ది."

దుకాణాల్లో అడిగితే ఒకడు ఆటలిస్తానన్నాడు, ఒకడు జాతకాలిస్తానన్నాడు. చివరికి ఓ కాలేజీ మేష్టారి దగ్గర దొరికింది. రైలు కుదుపులకో, సాంబు జేబులో దొర్లిన దొర్లుడికో నా కుంకుమంతా రాలిపోయింది. మేష్టారి కంప్యూటరులో ఒక్క కర్రు లేకుండా తెరుచుకున్నాను. నా వత్తులన్నీ వరసగా తెర మీద నిలబడ్డాయి.

"ఇందులో ఏవో ఉన్నాయే. తుడిచెయ్యనా?"

"పాతవేనండీ, తుడిచెయ్యండి."

ఒళ్లంతా గీకేసినట్టయింది. ఆ ఖాళీలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కింది.

మేం ఇంటికొచ్చాక ఉమాపతి దాన్ని కంప్యూటరులో పెట్టి, ఉన్న అక్షరాలు దానికి అప్పజెప్పాడు. వంకర వత్తుల్ని అది మొదటి రూపంగా శ్రద్ధగా దాచుకుంది. సాంబు కాఫీ ఊదుకుంటూ అన్నాడు:

"ఆ మేష్టారి మిషన్ ఎంత గట్టిదో బావా! నీ చచ్చిన ఫ్లాపీని కూడా చదివేసింది. ఫైళ్ల పేర్లన్నీ వచ్చినయి."

ఉమాపతి చెయ్యి ఆగిపోయింది. "చివర ఏ పేరుందిరా?"

"వత్తులు ఆరో, ఏడో..."

"ఏడు," అన్నాడు ఉమాపతి మెల్లగా.

సాంబు గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ తియ్యలేదు.

దీపావళికి కోటిలింగం గారు వంకర వత్తుల శుభలేఖ చూసి, "తొందరేం లేదులేవయ్యా, మా సీసం ఎక్కడికీ పోదు," అని లేచారు. ఉమాపతి మళ్లీ క-వత్తు దగ్గర మొదలుపెట్టాడు. గీసిందీ, చెరిపిందీ అన్నీ ఇప్పుడు పదిలమే, ఆ ఒక్కటి తప్ప.

మళ్లీ దసరా వచ్చింది. హైమ కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోనే ఆగింది.

"ఏమండీ, దేనికి పెట్టమంటారు?"

ఉమాపతి తెర మీంచి చూపు తిప్పకుండా నన్ను చూపించాడు.

నాలో ఇప్పుడు ఒక్క వత్తూ లేదు. అయినా బొట్టు నాకే పెట్టింది.