ఎంగిలి కాని సారీ

ఆ నిఘంటువు ఆఫీసులో పెద్దాయన పెట్టిన నియమం ఒకటే. ఇంగ్లీషు మాట ఎదురుగా రాసే తెలుగు అర్థం ఏదైనా సరే, పాత నిఘంటువుల్లోంచి దించకూడదు. అలా దించినదాన్ని ఆయన ఎంగిలి అర్థం అనేవాడు. మాట ఎవరి వాటాకు వస్తే వాళ్ళు బయటికి వెళ్ళి, నిజమైన అవసరం మీద, నిజమైన మనిషి దగ్గర దాన్ని వాడి, అది పనిచేసిందని వచ్చి చెప్పాలి. అప్పుడు ఆయన కళ్ళజోడు సర్దుకుని దాని పక్కన ఆకుపచ్చ సిరాతో ఒక చుక్క పెట్టేవాడు. చుక్క లేని అర్థం అచ్చుకు వెళ్ళదు.

ఈ నియమం పుణ్యమా అని 'జంప్' దక్కిన గుమాస్తా కాలికి పిండికట్టుతో కూర్చునే ఉద్యోగం చేస్తున్నాడు. 'స్లీప్' దక్కినాయన ఏడాది తిరక్కుండా ప్రమోషన్ కొట్టేశాడు. 'మ్యారేజ్' చూసినామె రెండు అర్థాలు తెచ్చి, మూడోది తన వల్ల కాదని చేతులెత్తేసింది. ఇందులో వింతేముందని అక్కడెవరూ అనుకోలేదు. జీతం వేళకు వస్తుంటే మనిషికి ఏదైనా మామూలే.

కామా వాటాకు 'సారీ' వచ్చింది. ప్రతి వాక్యం మధ్యలో ఆగి, గుటక మింగి, మళ్ళీ ఎత్తుకునే అలవాటు వల్ల ఆఫీసులో అతనికి ఆ పేరు స్థిరపడింది. సారీ చెప్పాలంటే ముందు తప్పు చేయాలి. కామా పుట్టుపిరికి. అయినా గుండె చిక్కబట్టుకుని బస్సులో ఒక లావుపాటి మనిషి కాలు తొక్కాడు. "నన్ను..." అని ఆగి గుటక మింగేలోపు ఆయన కాలరు పట్టుకున్నాడు. చొక్కా గుండీలు రెండు పోయాయి, అర్థం మాత్రం పనిచేయలేదు.

గుండీలు కుట్టింది అక్క. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే, ముందుగదిలో కుట్టు మిషను పెట్టుకుని. తమ్ముడు ఏం చేసినా, అతను వాక్యం మధ్యలో ఆగిన చోటే ఆవిడ "పోనీలే" అనేసేది. ఆ సాయంత్రం కామాకు దారి దొరికింది. దొరికినందుకు సిగ్గుపడాల్సింది పోయి అతను సంతోషించాడు.

పొయ్యి మీద పాలు పొంగనిచ్చి "మన్నించు" అన్నాడు. పోనీలే అంది. గుండీల డబ్బా నేల మీద ఒంపి "పొరపాటైంది" అన్నాడు. పోనీలే అంటూ మంచం కింద దూరి తనే ఏరుకుంది. కొత్త గుడ్డ మీద టీ పోసి "ఏమనుకోకు" అన్నాడు. ఒక్కోదానికీ మర్నాడు పెద్దాయన చుక్క పెట్టేవాడు, తోటివాళ్ళు భుజం తట్టేవాళ్ళు. కామాకు చిన్నగా పొట్ట కూడా వచ్చింది.

చివరికి 'పశ్చాత్తాపం' ఒక్కటి మిగిలింది. అది పాలు పొంగిస్తే వచ్చే సరుకు కాదని, గట్టి నష్టం కావాలని పెద్దాయన చెప్పాడు. అప్పుడు అక్క ఒక కోటు కుడుతోంది. ఊళ్ళో పెద్ద నాటకశాలవాళ్ళు దుస్తుల గదికి మనిషి కావాలన్నారు, ఎవరి పనితనం వాళ్ళు తెచ్చి చూపమన్నారు. నీలం కోటు, లోపల పట్టు అస్తరు, బొత్తాల వెంట చేతికుట్టు. ఆ ఉద్యోగం వస్తే ముందుగదిలో నడుం విరగ్గొట్టుకునే బాధ తప్పుతుందని ఆవిడ ఆశ. అక్క బజారుకు వెళ్ళినప్పుడు కామా కత్తెర తీసుకుని దాని ఎడమ చెయ్యి భుజం దగ్గరికి కత్తిరించేశాడు.

వచ్చి చూసి ఆవిడ కూలబడి ఏడ్చింది. అంత ఏడుపు అతను ఊహించలేదు. చెయ్యి జారిందని, పశ్చాత్తాపపడుతున్నానని ఎలాగో అన్నాడు. ఆవిడ చాలాసేపటికి ముక్కు తుడుచుకుని "పోనీలే, కావాలని చేస్తావా ఏంటి" అంది. ఆ రాత్రి కామాకు అన్నం సయించలేదు, అయినా మర్నాడు పొద్దున్నే వెళ్ళి చుక్క పెట్టించుకున్నాడు.

బండారం బయటపెట్టింది జంప్ గుమాస్తా. పిండికట్టు మీదికి ప్యాంటు వదులు చేయించుకుందామని అక్క దగ్గరికి వచ్చి, మీరే లేకపోతే ఆ 'సారీ' అయ్యేదే కాదండీ, పాల దగ్గర్నుంచి కోటు దాకా అన్నీ మీవేనటగా అని మెచ్చుకున్నాడు. పాపం, ఆవిడ అన్నీ తెలిసే సాయం చేసిందని అతని నమ్మకం. అక్క సూదిలో దారం ఎక్కించింది. ప్యాంటు వదులు చేసి ఇచ్చింది.

మర్నాడు పదింటికల్లా ఆఫీసుకు వచ్చింది, ఒక చేతిలో కోటు, ఇంకో చేతిలో కోటు చెయ్యి. పెద్దాయన బల్ల ముందు నిలబడి తాను అన్న పోనీలేలన్నీ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. ఆయన ఆవిడను కూర్చోబెట్టి, ఎంతో మర్యాదగా అన్ని చుక్కలూ కొట్టేశాడు. నియమం నియమమే. సాయంత్రం ప్రెస్సువాళ్ళు పేజీల కోసం వస్తారు, 'సారీ'కి ఒక్క అర్థం లేదు. పోగొట్టుకున్న చోటే తెచ్చుకోవాలనీ, తేలేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదనీ ఆయన కామాతో అన్నాడు.

కామా అక్క ముందుకు వచ్చాడు. ఆఫీసంతా పెన్నులు కింద పెట్టి చూస్తోంది.

"అక్కా, నన్ను, మన్నించు."

"అది పాలు పొంగినప్పటిది."

"పొరపాటైంది."

"గుండీల డబ్బా."

ఏమనుకోవద్దన్నాడు, అది టీ ఒలికినప్పటిదని గుర్తుచేసింది. పశ్చాత్తాపం పేరెత్తేసరికి కోటు చెయ్యి ఎత్తి చూపించింది. అతని దగ్గరున్న మాటలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ మీదే వాడేసినవి. ఉద్యోగం సంగతి అతనికి అప్పుడు నిజంగా గుర్తులేదు. అక్క తన వైపు చూడకుండా ఆ గుడ్డముక్క వైపే చూస్తోంది, అదే భరించలేకపోయాడు.

"బయటివాళ్ళయితే కొడతారని నీ దగ్గరికొచ్చాను" అన్నాడు. "నువ్వు ఊరుకుంటావని తెలిసే వచ్చాను. కోటు దగ్గర కత్తెర పట్టుకున్నప్పుడు కూడా తెలుసు."

మధ్యలో ఎక్కడా ఆగలేదు. అక్క తలెత్తి చూసింది. తర్వాత కోటు చెయ్యి అతని చేతిలో పెట్టి, కోటు రేపే చూపించాలి, సాయంత్రం లోపల అతికించాలి, నడువు అంది.

పెద్దాయన కంగారుగా పెన్ను తీసి వెంటబడ్డాడు. ఒప్పుకున్నట్టేనా అని అక్కను, ఆ మాట ఇంకొకసారి చెబితే రాసుకుంటానని కామాను అడిగాడు.

"ఇది రాసుకోడానికి కాదండీ" అని కామా మెట్లు దిగిపోయాడు.

నిఘంటువు ఆలస్యం లేకుండా వచ్చింది. అందులో 'సారీ' ఎదురుగా 'సారీ' అని వేశారు. అర్థం కాలేదని ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కామాను మానేయమన్న సంగతి పెద్దాయనకు గుర్తున్నట్టు లేదు, 'వెయిట్' అనే మాట ఇచ్చి కూర్చోబెట్టాడు.

నాటకశాలలో కోటు చూసినామె భుజం దగ్గర అతుకు ఏంటని అడిగింది. చెయ్యి జారిందని అక్క అనలేదు. మా తమ్ముడు కత్తిరించాడు, నేను కుట్టాను అంది. వెలుతురులో పెట్టి చూసి, ఇంత నేర్పుగా అతుకు వేసేవాళ్ళే తమకు కావాలని వాళ్ళు రేపట్నుంచే రమ్మన్నారు.

ఇంట్లో మాత్రం ఆవిడ నోట పోనీలే రావడం మానేసింది. కూర వడ్డించేది, చొక్కాకు గుండీ ఊడితే కుట్టేది, ఆ ఒక్క మాటే లేదు. అది లేని ఇల్లు ఎంత బరువుగా ఉంటుందో కామాకు తెలిసొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున పాలు పొంగిపోయాయి. ఈసారి నిజంగానే పరధ్యానం. అతను నోరు తెరవబోతే, ఆవిడ మిషను మీంచి తలెత్తకుండా గుడ్డ ఎక్కడుందో చెప్పింది. కామా పొయ్యి తుడిచాడు, గట్టు తుడిచాడు, కిందికి కారినదీ తుడిచి గుడ్డ పిండి ఆరేశాడు. చేతులు కడుక్కుంటుంటే మిషను చప్పుడులో కలిసిపోయేంత నెమ్మదిగా "పోనీలే" అని వినిపించింది.

ఆ సంగతి అతను ఆఫీసులో చెప్పలేదు.