తడి గోడ

ఊరందరి గోడలకూ రంగులేసే పెయింటరుకు సొంతింటి గోడ ఏనాడైనా కంటికి ఆనుతుందా? అలాంటిది ఆవేళ, తాళంచెవి వెనక్కి పడిందని బీరువా జరిపినవాడు ఏమనుకున్నాడో ఏమో, ఉన్నట్టుండి రంగు డబ్బా తెరిచాడు. కుర్చీలన్నీ పెరట్లో పెట్టాడు. హాలు గోడ పొడవునా నడుమెత్తున సాగిన జిడ్డు మరక దగ్గర ఆగాడు.

"ఇదెక్కణ్ణించి వచ్చిందే? పైన పటారం లోన లొటారం అని నవ్విపోతారు జనం."

"పిల్లి రాసుకుంటూ పోతుందేమో లెండి," అంది భార్య, పక్కగదిలో మంచం మీద నుంచి కదలకుండా.

"నడుమెత్తు పిల్లా! అయితే అది పులే!" అని పకపకా నవ్వి బ్రష్షు అందుకున్నాడు.

ఆ పిల్లి ఆమె అరచెయ్యే. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు డాక్టరు. నరాల పైపొర దెబ్బతింటోందట. కాలు ఎత్తమంటే ఎత్తదు, నేల ఉన్నచోట ఉన్నట్టుండదు. చేతికర్ర వాడమన్నారు. ఒకసారి పట్టుకుంటే ఇక జన్మలో వదలలేనని ఆమె భయం. అందుకే దాన్ని బీరువా వెనక్కి తోసేసి, మొగుడు పనికెళ్లగానే గోడ పట్టుకుని నడుస్తోంది. అతను ఇంట్లో ఉంటే కూర్చున్నచోటు వదలదు. ఇవాళ బీరువా జరిపినా కర్ర మాట ఎత్తలేదు కాబట్టి చూడలేదనుకుంది.

"సాయంత్రం దాకా గోడ ముట్టుకోకు!" అని చెప్పి అతను బ్రష్షులు కడగడానికి పెరట్లోకి వెళ్లాడు. అంతలో వంటింట్లోంచి మాడు వాసన. ఖర్మ కాకపోతే ఇప్పుడే మాడాలా! కేకేస్తే, నువ్వే దించొచ్చుగా అంటాడు. ఏమని చెబుతుంది?

లేచింది. హాల్లోకి వచ్చేసరికి ఎడమకాలు మొరాయించింది. అలవాటుగా చెయ్యి గోడవైపు వెళ్లింది. అయ్యో, ఆయన పడ్డ కష్టమంతా పోతుందే అని వెనక్కి లాక్కుంది. దాంతో ఒళ్లు తూలింది. రెండు చేతులూ గోడకే వేసి, జారి, చతికిలబడింది.

చప్పుడు విని అతను పరుగెత్తుకొచ్చాడు. "చెబితే వినవు కదా..." అంటూ గోడవైపు చూసి ఆగిపోయాడు. పాత మరక ఉన్న ఎత్తులోనే మొదలైన వేళ్ల జాడలు నేలదాకా దిగాయి. స్టవ్ ఆపొచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

"ఆ పిల్లివి నువ్వేనా?"

ఆమె తలూపింది. ఏడుపు ఆగలేదు.

"పొద్దున కర్ర కనబడిందే, దుమ్ము కొట్టుకుపోయి. ఇక నీకు దాంతో పనిలేదనుకున్నా. నయమైపోతోందనుకున్నా. ఆ సంతోషంలోనే ఈ రంగు మొదలుపెట్టా."

ఆమె రంగంటిన అరచేతులు చూసుకుంది.

"దుమ్ము తుడిచి ఇలా తెండి," అంది.